పరుపులో పల్లం

ఫకీరమ్మకు నిద్ర లేదు. నిద్ర కోసమే బుడాన్ తాత దగ్గరికి వచ్చింది. వస్తూ వస్తూ పరుపు కూడా తెచ్చుకుంది, కానీ ఆ పరుపు మీద పండుకునేది కాదు. ఎవర్నీ పండుకోనిచ్చేది కాదు.

ఇది అర్థం కావాలంటే ఆ పరుపు సంగతి ముందు చెప్పాలి.

ఆదోనిలో దూదేకుల దస్తగిరి, ఫకీరమ్మ అంటే పెండ్లి పరుపులకు పేరు. మొగుడు దూది ఏకేవాడు, పెండ్లాం కుట్టేది. పరుపు కుట్టడమంటే సంచిలో దూది కుక్కి మూతి కట్టడం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అట్లాంటి వాళ్లు కుట్టిన దాని మీద ఒక రాత్రి పండుకుంటే తెల్లారి మెడ తిరగదు. ఫకీరమ్మ కుట్టిన పరుపును ఏ మూల నొక్కినా ఒక్క తీరున పైకి లేచేది. లేవలేదా, కొన్నవాళ్లు అడిగేదాకా ఆగేది కాదు, తన చేత్తో తానే కుట్లు విప్పేది. పనిలో అంత పట్టింపు మనిషి. పనిలోనే కాదు, మాటలోనూ అంతే. ఒక మాట పడిందంటే మనసులో మూటగట్టి పెట్టుకునేది.

ఒక తెల్లవారుజామున దస్తగిరి నిద్రలోనే పోయాడు. రోగం లేదు, రొప్పు లేదు. ఫకీరమ్మ టీ కాచి పిలిచింది. పలకలేదు. రెండోసారి గట్టిగా కసిరింది. పలకలేదు.

మట్టి చేసి వచ్చిన పూటే ఆడబిడ్డ మాబమ్మ నడింట్లో నిలబడి, "వదినా, ఆ పరుపు బయట పారేయించు. ప్రాణం పోయిన పడక ఇంట్లో పెట్టుకోకూడదు" అంది. అని ఊరుకుందా, ఒక కొస పట్టుకుని వాకిట్లోకి లాగింది. ఫకీరమ్మ రెండో కొస పట్టుకుంది. చావుకు వచ్చిన జనమంతా చూస్తుండగా వదినా మరదళ్లు పరుపును చెరోపక్కకు గుంజారు. ఫకీరమ్మే గెలిచింది. నలభయ్యోనాడు ఫాతిహా చదివించి బంధువులందరికీ భోజనం పెట్టారు. మాబమ్మ కూర వడ్డించబోతే ఫకీరమ్మ తట్ట బోర్లించింది.

ఇంతకూ ఆ పరుపులో ఏముందంటే, ఒక పల్లం ఉంది.

దస్తగిరి భారీ మనిషి. ఏండ్ల తరబడి కుడి పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పండుకున్నాడు. దూది ఆ తీరునే కుంగింది. భుజం కాడ లోతు, నడుం కాడ ఇంకా లోతు, మోకాళ్ల కాడ ఒక ఒంపు. చూస్తే మనిషి ఇప్పుడే లేచి మొగం కడుక్కోను పోయినట్టుండేది.

ఫకీరమ్మ దాని పక్కన కటిక నేల మీద ఒరిగేది. కన్ను మూతపడేది కాదు. ఆయన మన్నులో పండుకున్నాడే, ఆ మన్ను ఎంత గట్టిగా ఉందో, అని అదే ఆలోచన. చూస్తుండగానే కట్టెపుల్లలాగా అయింది. ఇరుగుపొరుగు భయపడి, "గుట్ట మీద బుడాన్ తాత దగ్గరికి పోయి కొన్నాళ్లు నీడన ఉండిరాపో" అని వెంటపడ్డారు.

నీడన ఉండటమంటే అక్కడి మాట. ఇంట్లో చావు చూసిన వాళ్లు తాత చూసుకునే దర్గా పక్కనున్న గదుల్లో కొన్నాళ్లు ఉంటారు. ఏ కులమని అడగరు, ఏ దేవుడని అడగరు. అందరూ కలిసి వండుకు తినాలి, ఎవరికి వచ్చిన పని వాళ్లు అక్కడ చెయ్యాలి. తాత పోమన్ననాడు పోవాలి. అంతే.

పరుపు చుట్టి ఆటోలో పెడతానని ఆటో అతను అంటే ఫకీరమ్మ ఒప్పుకోలేదు. "చుట్టొద్దు! చుడితే పల్లం చెదురుతుంది." ఆటో పైన పరిపించి తాడు కట్టించింది. గుట్ట కింద దిగి, నలుగురు మనుషుల్ని మాట్లాడి, నాలుగు కొసలూ పట్టించి మెట్ల మీద మోయించింది. ముందు తాను నడిచింది. ఎదురుగా దిగివస్తున్న జనం ఏమనుకున్నారో ఏమో, చెప్పులు విడిచి పక్కకు తప్పుకున్నారు.

పైన బుడాన్ తాత వాకిలి ఊడుస్తున్నాడు. చింతబరికె లాంటి మనిషి. చీపురు ఆపి చూశాడు.

"నీడన ఉండను వచ్చింది ఎవరమ్మా? నువ్వా, పరుపా?"

"ఇద్దరమూ" అంది ఫకీరమ్మ.

"సరే. కొస గదిలో జాగా ఉంది. ఇద్దరికీ పడుతుంది."

ఆ జవాబుకు ఫకీరమ్మ మనసు కొంచెం కుదుటపడింది. ఈయన నా బాధ తెలిసిన మనిషి అనుకుంది. ఆ సాయంత్రమే పోయి కాళ్ల దగ్గర కూర్చుని అడిగింది.

"తాతా, ఆయన ఆ మన్నులో ఎట్ల పండుకుండాడో చెప్పు. అది తెలిస్తే నాకు నిద్ర పడుతుంది."

"బువ్వ తిన్నావా?" అన్నాడు తాత.

"తిన్నా."

"గిన్నె కడిగినావా?"

కడగలేదు. లేచిపోయి కడిగింది. మరుసటి రోజు మళ్లీ అడిగింది. తాత వినపడనట్టు మేకకు ఆకు వేస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూ అడిగింది, రోజూ అంతే. పేరు పెద్దది, మాట లేదు అని ఫకీరమ్మ లోపల లెక్కకట్టి పెట్టుకుంది.

ఇక అక్కడున్న మిగతావాళ్లు ఆమె కంటికి ఆనలేదు. ఓబులేసు అని ఒకడు, ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది. పొద్దున కండ్లు తుడుచుకునేవాడు, మధ్యాహ్నానికి పొయ్యి దగ్గర జోకులు వేసేవాడు. భార్య పోయినోడికి పప్పులో ఉప్పు చాలలేదని ఎట్ల తెలుస్తుంది అని ఫకీరమ్మ అనుకునేది. సుంకులమ్మ అని ఇంకొకామె, చిన్న వయసు. కాన్పులో బిడ్డ పోయింది. ఆమె నోరే తెరిచేది కాదు. కానీ మూడు పూటలా తినేది. అది కూడా ఫకీరమ్మకు నచ్చలేదు.

ఒకసారి ఓబులేసు బకెట్టు ఇవ్వడానికి కొస గదికి వచ్చి, కాల్లో ముల్లు గుచ్చుకుందని పరుపు అంచు మీద కూర్చోబోయాడు.

"లెయ్!"

ఆ కేకకు అతని చేతిలో బకెట్టు జారిపోయింది.

"ఇంకా కూర్చోనే లేదు గదక్కా!"

"కూర్చునేటట్టుంటివి. నీ తీరు చూస్తే తెలీదా నాకు?"

"మా డిపో మేనేజరు కూడా ఇట్ల అరవలేదక్కా నన్ను" అని కుంటుకుంటూ పోయాడు. ఫకీరమ్మ ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. అతను పలకరించినా గోడకేసి చూసేది.

పని సంగతి వచ్చినప్పుడు తాతకూ తెగేసి చెప్పింది. "నా పని ఆయనతోనే పోయింది తాతా. ఏకేవాడు లేనిదే కుట్టేదేముంది?"

"సరే" అన్నాడు తాత.

ఆ సరే కూడా ఆమెకు రుచించలేదు. కొంచెం బతిమాలి ఉంటే బాగుండు అనిపించింది.

ఒకనాడు మధ్యాహ్నం ఫకీరమ్మ గుడ్డలు ఉతుక్కుని, తడి చీర భుజాన వేసుకుని గదికి వచ్చింది. తలుపు తీసి ఉంది. లోపల పరుపు మీద, దస్తగిరి పల్లంలో, కుడి పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని బుడాన్ తాత గురక పెడుతున్నాడు.

ఫకీరమ్మకు ఒక్క క్షణం ఆయనే అనిపించింది. ఆయన కాదు. ఆయన పల్లంలో ఈ బక్క ముసలాయన తొట్టెలో బిడ్డలాగా ఇమిడిపోయాడు, చుట్టూ ఇంకా జాగా మిగిలింది. ఆ మిగిలిన జాగా చూసేసరికి కోపం నెత్తికెక్కింది. వేరెవరైనా అయితే జుట్టు పట్టుకుని లేపేది. తాతను ఎట్ల లేపుతుంది? తడి చీర తీగె మీద ఝాడించి ఝాడించి ఆరేసింది. బకెట్టు నేలకేసి కొట్టింది. తాత గురక ఆగలేదు. ఆ మోతకు పక్క గదుల నుంచి ఓబులేసు, సుంకులమ్మ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

చాలాసేపటికి తాత కదిలాడు. లేవబోయాడు. లేవలేక మోచేతి మీద ఆగి, రెండో చేత్తో నడుం పట్టుకున్నాడు.

"అబ్బా... నడుం! బావిలో పండుకున్నట్టుండాది. ఎవరమ్మా ఈ పరుపు కుట్టింది?"

"నేనే కుట్టినా" అంది ఫకీరమ్మ.

"నువ్వా! ఆదోనిలో ఫకీరమ్మ కుట్టు అంటే పేరంట గదా?"

గుమ్మంలో ఓబులేసు దగ్గాడు. ఫకీరమ్మకు ఒళ్లు మండింది. దుఃఖం ఎక్కడ పోయిందో, పరుపు దగ్గరికి వచ్చి అంచు పట్టుకుని లేపి చూపించింది.

"కుట్టులో తప్పుంటే చూపించు తాతా! ఒక్క పోగు జారిందేమో చూడు! ఇది కుట్టు తప్పు కాదు. దూది కుంగింది. ఏండ్లకేండ్లు మనిషి పండుకుంటే కుంగదా?"

"కుంగితే ఏం చేస్తారు మీరు?"

"విప్పి, ఎండబెట్టి, మళ్లీ ఏకి కుడతాం. ఆ మాత్రం తెలీదా?"

"మరి దీన్ని విప్పలేదే?"

ఫకీరమ్మ పట్టుకున్న అంచు వదిలేసింది.

తాత ఇంకా నడుం మీద చెయ్యి తియ్యలేదు. అరచెయ్యి వెనక్కి తిప్పి, బొటనవేలితో వెన్నుపూస పక్కన నొక్కుకుంటున్నాడు. ఆమె ఆ చేతినే చూస్తోంది. రోజూ పొద్దున దస్తగిరి ఈ పరుపు మీద లేచి కూర్చుని అట్లాగే నొక్కుకునేవాడు. అట్లాగే నొక్కుకుంటూ, "ఊరందరికీ మెత్తని పరుపులు, మనకేమో గుంత. ఒకసారి విప్పుదామే ఫకీరా" అనేవాడు. "ఈ పెండ్లిండ్ల గిరాకీ అయిపోనీ" అనేది ఆమె. గిరాకీ ఎప్పుడయిపోయింది? ఒక పెండ్లి అయితే ఇంకో పెండ్లి. ఆయన నవ్వి, నడుం పట్టుకుని లేచి, దూది ఏకే విల్లు అందుకునేవాడు.

తాత గోడ పట్టుకుని నిలబడి, వంగి వంగి గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగి, "రేపు కూడా బువ్వ తిని ఇందులోనే పండుకుంటా" అన్నాడు.

"నడుం నొప్పి అంటివి గదా తాతా!" అన్నాడు ఓబులేసు.

"ఉంటే ఉండనీ. ఆమె ఎవర్నీ కూర్చోనియ్యని పరుపు. నాకు దొరికింది."

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నంత పనీ చేశాడు. భుజాన తువ్వాలు వేసుకుని కొస గది గుమ్మంలోకి వచ్చాడు. నడుం నిన్నటి కంటే ఇంకా వంగి ఉంది.

ఫకీరమ్మ పరుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"జరుగమ్మా."

ఆమె జరగలేదు. పల్లంలో అరచెయ్యి పెట్టింది. భుజం కాడ పెట్టింది, మోకాళ్ల కాడ పెట్టింది. నడుం కాడ పెట్టి చాలాసేపు తియ్యలేదు. అక్కడే అన్నిటికంటే లోతు.

"కత్తెర ఉందా తాతా?" అంది.

తాత వెనక్కి తిరిగి, "సుంకులమ్మా, కత్తెర" అన్నాడు.

మొదటి కుట్టును ఫకీరమ్మ ఒక్కో పోగుగా తెంచింది. రెండో కుట్టునూ అట్లాగే తెంచింది. ఆ తర్వాత చెయ్యి తన పనిలో తాను పడిపోయింది. మూతి తెరిచి దూది బయటికి లాగింది. నల్లబడి, అట్టకట్టి, ఇటుకల మాదిరి ఉంది. దాన్ని వాకిట్లో దుప్పటి పరిచి ఎండకు పోసింది. పోసి చూస్తే అది ఒట్టి దూది కుప్ప. భుజం లేదు, మోకాలు లేదు. ఆమె దాని ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చావునాడు మాబమ్మ ముందు ఏడవకూడదని ఆపుకున్న ఏడుపు కూడా అందులో కలిసి వచ్చింది.

ఎవరూ ఊరుకోబెట్టలేదు. తాత మేకను దూది దగ్గరికి రానీయకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఏడుపు ఆగినాక ముక్కు చీది, ఆమె లేచింది.

"విల్లు లేదు. కర్రలతో కొట్టాల. సన్నటివి, బాగా వంగేవి తీసుకురాపో" అంది. ఎవరితో అంటోందో అని ఓబులేసు అటూ ఇటూ చూశాడు. "నిన్నే ఓబులేసూ!"

అతను పరుగెత్తుకుంటూ పోయి చింతబరికెలు విరుచుకొచ్చాడు. సుంకులమ్మ ముందే కూర్చుని ఉండలు చేత్తో విడదీస్తోంది. ఓబులేసు బరికె ఎత్తి బలంగా దించాడు. దూది ఎగరలేదు, దుమ్ము లేచింది.

"అట్లనా కొట్టేది? పాముని సంపుతాండావా? మణికట్టు తిప్పు! కొట్టి పైకి లాగాల."

"బస్సు స్టీరింగు తిప్పిన చెయ్యి అక్కా ఇది, మెల్లగా తిరుగుతుంది."

"నువ్వు బస్సు నడిపింది కూడా ఇట్లనేనా? ఎక్కినోళ్లు ఊరు చేరినారా?"

"కొంతమంది చేరినారు."

ఏదో చిన్న చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. సుంకులమ్మ నోట్లోకి దూది పోయి ఉక్కిరిబిక్కిరై దగ్గుతోంది. దగ్గు కాదు, నవ్వు. నవ్వుతూ నవ్వుతూ కండ్లనీళ్లు తుడుచుకుంటే తడి చెంపలకు దూది అంటుకుని తెల్లగడ్డం మొలిచినట్టయింది. "నోరు మూసుకుని పని చెయ్యి పిల్లా" అని ఫకీరమ్మ కసిరి, తన కొంగుతో ఆమె మొగం తుడిచింది.

పొద్దు వాలేదాకా కొట్టారు. కిందున్న దూది పైకి, పైనున్నది కిందికి, ఎక్కడి పీచు అక్కడ విడిపోయి, కుప్ప మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా లేచింది. తెల్లారినాక ఉతికిన సంచిలో మళ్లీ నింపారు. దబ్బనంతో కుట్టడం మాత్రం ఫకీరమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఓబులేసు ఒక్క కుట్టు వేస్తానని బతిమాలితే వెయ్యనిచ్చి, అతను చూస్తుండగానే విప్పేసింది.

పని అయ్యేసరికి మధ్యాహ్నం బువ్వ వేళయింది. పరుపును గదిలో పరిచి ఒక్కో మూలా నొక్కి చూసింది. నడిమధ్య నొక్కి చూసింది. అన్నీ ఒక్క తీరున లేచాయి. తువ్వాలు భుజాన వేసుకుని తాత వచ్చాడు.

"పండుకో తాతా. ఇప్పుడు చెప్పు నా కుట్టు సంగతి."

"ఈ పొద్దు నాకు నిద్ర రాలేదమ్మా. నువ్వు పండుకుని చూడు."

"కుట్టినోళ్లు పండుకోకూడదు తాతా. మా పనిలో అది కట్టుబాటు. ఎవరి పరుపో వాళ్లే ముందు పండుకోవాల."

"ఎవరిది ఇది?"

ఆయనది అని ఇన్నాళ్లూ అందరికీ చెప్పింది. ఆటో అతనికి చెప్పింది, మాబమ్మకు చెప్పింది, ఓబులేసుకు అరిచి చెప్పింది. ఇప్పుడు పరుపు కేసి చూసింది. తెల్లగా, సమంగా, ఇద్దరు పండుకునేంత వెడల్పుగా ఉంది.

"మాది" అంది.

"అయితే పండుకో" అని తాత తలుపు దగ్గరికి వేసి పోయాడు.

ఫకీరమ్మ అంచు మీద కూర్చుంది. తర్వాత ఎప్పుడూ తాను పండుకునే గోడవైపు ఒరిగింది. ఒక్కసారి వీపు ఆనిస్తే కుట్టులో తేడా తెలిసిపోతుంది, చూసి లేద్దాం అనుకుంది. అంతవరకే ఆమెకు గుర్తుంది.

కండ్లు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ మొగం మీద పడుతోంది. ఏ పూటో తెలియలేదు. బయట చీపురు చప్పుడు లేదు, గిన్నెల చప్పుడు లేదు, పొద్దున పూట అందరూ కలిసి చేసే ప్రార్థనా లేదు. ఆమె ఉలిక్కిపడి లేచి తలుపు తీసింది.

గుమ్మంలో తాత మేక మూతి చేత్తో మూసి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాకిట్లో ఓబులేసు చెప్పులు చేతపట్టుకుని మునివేళ్ల మీద నడుస్తున్నాడు. ఆమెను చూసి, "లేచింది!" అని గుసగుసగా అరిచాడు.

"నిన్న మధ్యాహ్నం పండుకుంటివి" అన్నాడు తాత. "ఎట్లుంది పరుపు?"

ఫకీరమ్మ వెనక్కి తిరిగి చూసింది. జవాబు చెప్పే ముందు, పని తెలిసిన మనిషి చూసినట్టు, మూల నుంచి మూలకు చూసింది. తప్పు పట్టడానికి ఏమీ కనపడలేదు.

"మెత్తగా ఉంది తాతా."

తాత మేకను వదిలిపెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆయనకూ ఆ మన్నులో అట్లే ఉందిలే" అన్నాడు.